సుద్దగీతకు అటూ ఇటూ

హైదరాబాద్‌లో ఎక్కడుంటున్నావని ఊళ్లో ఎవరైనా అడిగితే అమీర్‌పేట అని కూడా చెప్పక్కర్లేదు. మైత్రీవనం అంటే చాలు, అంతా అర్థమైపోతుంది. చదువు అయిపోయింది, కోర్సు నేర్చుకుంటున్నాడు, ఉద్యోగం ఇంకా రాలేదు! హుడా వాళ్లు కట్టించిన ఓ వాణిజ్య సముదాయం పేరు ఇలా ఓ వయసుకి, ఓ అవస్థకి పేరైపోవడం చిత్రమే.

1990ల చివర్లో వైటూకే పుణ్యమా అని ఇక్కడ ఊపందుకున్న కోచింగుల సందడి 2001లో ఓసారి, 2008 మాంద్యంలో మరోసారి నీరసించింది. 2020లో కరోనా వచ్చి హాస్టళ్లనే ఖాళీ చేయించింది. అయినా జనం మళ్లీ వచ్చారు. బోర్డుల మీద జావా, ఒరాకిల్‌ పక్కన డేటా సైన్స్‌, క్లౌడ్‌, ఏఐ చేరాయి. 2017 నవంబరు నుంచి నెత్తిమీదుగా మెట్రో నడుస్తోంది. కింద కరపత్రాలు పంచే కుర్రాళ్లు, జిరాక్సు దుకాణాలు, ఇడ్లీ బండ్లు మాత్రం అలాగే ఉన్నాయి. హాస్టల్‌ గదులూ అంతే... నాలుగు మంచాలు, నాలుగు అల్మరాలు, ఒక ఫ్యాను.

ఆ అల్మరాల తలుపుల్ని చూస్తే ఎవరు ఏ ఇంటి నుంచి వచ్చారో తెలిసిపోతుంది. ఒకదాని మీద తిరుపతి వెంకన్న, ఒకదాని మీద షిర్డీ సాయి. మరోదాని మీద చిన్న రంగుల కార్డు... ఓ బైబిలు వాక్యం, అడుగున సంఘం పేరు. అదే వాగ్దాన కార్డు.

క్రైస్తవ కుటుంబాల్లో పుట్టినవాళ్లకి దీని సంగతి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం ఓ మాట. డిసెంబరు 31 రాత్రి మందిరంలో ఆరాధన ఉంటుంది. పన్నెండు దాటాక కొత్త సంవత్సరం ప్రార్థన చేసి, తలా ఒక కార్డు తీసుకుంటారు. ఎవరి చేతికి ఏ వాక్యం వస్తే అది ఆ ఏడాదికి వాళ్ల కోసం దేవుడిచ్చిన మాట. ఇంటిల్లిపాదీ తమ తమ కార్డులు ఒకళ్లకొకళ్లు చదివి వినిపించుకుని మురిసిపోతారు. హాస్టల్‌కొచ్చే పిల్లాడి సంచీలో పచ్చడి సీసాలతో పాటు అమ్మ ఆ కార్డు కూడా పెడుతుంది.

జనవరిలో అతికించిన కార్డు అక్టోబరుకి అంచులు మడతపడుతుంది. ఫోను మాత్రం మోగదు!

సాక్ష్యం ఎవరు చెబుతారు?

దేవుడి మీద సందేహం అనగానే లావుపాటి పుస్తకాలు, పరిణామ సిద్ధాంతం, తత్త్వశాస్త్రం గుర్తొస్తాయి. మైత్రీవనంలో అది అంత ఆర్భాటంగా రాదు. మూడో రౌండు దాకా వెళ్లిన ఇంటర్వ్యూ నుంచి కబురు రాకపోవడంతో మొదలవుతుంది. పక్క మంచం కుర్రాడు ఏ గుడికీ గోపురానికీ వెళ్లడు, మోకాళ్లూనడు. అతనికి ఆఫర్‌ లెటర్‌ వస్తుంది. ఊళ్లో మందిరంలో ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ‘ఫలానావారి అబ్బాయి ఉద్యోగం కోసం’ అని మనవి చదువుతూనే ఉంటారు. ఏడాదిగా అదే మనవి. ఆదివారం ఫోనులో అమ్మ ‘అయ్యగారు నీకోసం ప్రత్యేకంగా ప్రార్థన చేశారు నాన్నా’ అంటుంది. ‘సరేనమ్మా’ అంటాడు. అంతకుమించి ఏమనాలో తెలీదు.

తెలుగు సంఘాల్లో సాక్ష్యం చెప్పడం గొప్ప ఆచారం. జబ్బు నయమైనవాళ్లు, అప్పు తీరినవాళ్లు, వీసా వచ్చినవాళ్లు లేచి నిలబడి ‘దేవుడు నా పట్ల ఇంత మేలు చేశాడండీ’ అని చెబుతారు. వినేవాళ్ల కళ్లు చెమరుస్తాయి. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే జబ్బు నయం కానివాళ్లూ అదే చాప మీద కూర్చుని ఉంటారు. వాళ్లని లేచి నిలబడమని ఎవరూ అడగరు. నెలల తరబడి ఒక రకం సాక్ష్యాలే విన్న పిల్లాడికి లోపమంతా తనలోనే ఉందనిపిస్తుంది. లేదంటే పైన ఎవరూ లేరనిపిస్తుంది.

ఇంకో ముల్లు కూడా ఉంది. అది అమీర్‌పేటకే ప్రత్యేకం. ‘ఫ్రెషర్‌ అంటే ఎవరూ పిలవరు, రెండేళ్లు పనిచేసినట్టు పెట్టేద్దాం’ అని చెప్పేవాళ్లు ఈ వీధుల్లో ఎప్పుడూ దొరుకుతారు. కాగితాలూ వాళ్లే చూసుకుంటారు, డబ్బిస్తే చాలు. పొద్దున్న ప్రార్థన చేసుకుని, మధ్యాహ్నం చేయని ఉద్యోగం చేసినట్టు బయోడేటాలో రాయాలి. ఆ ఉద్యోగం వస్తే, దాన్ని దేవుడిచ్చాడని మందిరంలో చెప్పాలి. చాలామంది పిల్లల్లో విశ్వాసం నిజంగా కుదుపుకు లోనయ్యేది ఇక్కడే. దేవుడున్నాడా అన్న ప్రశ్న కన్నా, ఉంటే ఈ ఒక్క లైను ఏం చేయాలి అన్న ప్రశ్న బరువుగా ఉంటుంది.

గదిలో గీత గీసినవాడు

ఇద్దరు ఒకే గదిలో ఉన్నప్పుడు ఒకరి ప్రార్థన ఇంకొకరికి చిరాకు తెప్పించడం కొత్తేమీ కాదు. అమెరికాలో సర్వే పనిచేసి, లాయరు కావాలని కలలుగన్న ఓ కుర్రాడు అయోవా రాష్ట్రంలోని బర్లింగ్టన్‌లో కాలేజీలో చేరాడు. పేరు జాన్‌ ఎవరెట్‌ క్లౌ. మతమంటే ఒళ్లుమంట. గదిలో తోడుగా దొరికినవాడేమో భక్తిపరుడు! క్లౌ సుద్దముక్కతో గది మధ్యలో ఓ గీత గీశాడట. ‘అటువైపు నీ ఇష్టం, నా వైపు మాత్రం ప్రార్థనలు కుదరవు’ అని తేల్చేశాడట. ఆ తర్వాత కొన్నాళ్లకు గీత దాటి వెళ్లి, తోటివాడి పక్కన మోకరించిందీ ఆయనేనని ఆయన కథ రాసినవాళ్లు చెబుతారు.

ఈ ముచ్చటలో చాలామంది గీత గీసినవాణ్ని చూసి నవ్వుకుంటారు. నిజానికి గమనించాల్సింది రెండోవాణ్ని. అతను వాదించలేదు, గది మార్చుకోలేదు. తన సగంలో తను ప్రార్థన చేసుకున్నాడు.

ఆ క్లౌ దొరగారే ఒంగోలు వచ్చారు, 1866లో. ఆయనకన్నా ముందే తెలుగు నేలమీద అమెరికన్‌ బాప్టిస్టు మిషన్‌ మూడు దశాబ్దాలు గడిపింది. 1836లో మొదలైన ఈ పనికి ఫలితం కనిపించక, మూసేద్దామా అని అక్కడి పెద్దలు ఒకటికి మూడుసార్లు చర్చించుకున్నారు. పటంలో ఒంటరిగా కనిపించే చుక్క కాబట్టి దానికి ‘లోన్‌ స్టార్‌’ అనే పేరు కూడా పడింది. మనుషులకే కాదు, సంస్థలకూ సందేహం వస్తుందన్నమాట! 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్‌ జ్యూయెట్‌ దంపతులు, మరో ముగ్గురు తెలుగు క్రైస్తవులతో కలిసి ఒంగోలులోని కొండెక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. దాన్ని ఇప్పటికీ ప్రార్థన కొండ అనే అంటారు. మనిషి రావడానికి పన్నెండేళ్లు పట్టింది.

1876లో ధాత కరువు వచ్చింది. తిండిలేక జనం రాలిపోతుంటే క్లౌ బకింగ్‌హామ్‌ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. పనికొచ్చినవాళ్లలో చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూటి కోసం వస్తున్నారేమోనన్న అనుమానం ఆయనకే ఉంది. కరువు సాయం నడిచినన్నాళ్లూ, పదిహేను నెలలపాటు, ఒక్కరికీ ఇవ్వలేదు. సాయం ఆగిపోయింది, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పారు. జనం వెళ్లిపోలేదు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇచ్చిన బోధకులు ఆరుగురు. ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో దిగారు.

ఆ జనంలో ఎక్కువమంది మాదిగలు. అన్నం దొరికినప్పుడు అడిగి, దొరకనప్పుడూ అడిగినవాళ్లు. ‘బియ్యం క్రైస్తవులు’ అని ఎగతాళి చేసినవాళ్లు తర్వాత కూడా చేస్తూనే వచ్చారు గానీ, ఈ పదిహేను నెలల లెక్క మాత్రం ఎవరూ చెప్పరు. ప్రకాశం జిల్లా నుంచి అమీర్‌పేట వచ్చే పిల్లల్లో ఆ రోజు గుండ్లకమ్మ ఒడ్డున నిలబడ్డవాళ్ల ముని మనవళ్లూ ఉండే ఉంటారు. వాళ్లకే ఈ సంగతి తెలీదు.

తోలు అట్ట మిగిలింది

మైత్రీవనం నుంచి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో, ముషీరాబాద్‌ దగ్గర గోల్కొండ చౌరస్తాలో హెబ్రోను ఉంది. తెలుగు క్రైస్తవులకి అది ప్రార్థనా మందిరం పేరు మాత్రమే కాదు, ఒక మనిషి గుర్తు. భక్త్‌ సింగ్‌.

ఆయన తెలుగువాడు కాదు, పుట్టుకతో క్రైస్తవుడూ కాదు. 1903లో ఇప్పుడు పాకిస్థాన్‌లో ఉన్న పంజాబులోని జోయా గ్రామంలో సిక్కు కుటుంబంలో పుట్టాడు. చదివింది మిషన్‌ స్కూల్లోనే. పరీక్ష ప్యాసైనందుకు ఎవరో అందమైన బైబిలు బహుమతిగా ఇస్తే, ఆ పుస్తకాన్ని చింపేశాడు. తోలు అట్ట బాగుందని దాన్ని మాత్రం దాచుకున్నాడు! ఇది శత్రువులు పుట్టించిన కథ కాదు. ఆయనే తన నోటితో వేలమంది ముందు చెప్పుకున్నదే.

1926లో ఇంజినీరింగ్‌ చదవడానికి లండన్‌ వెళ్లాడు. మతం మారనని ఇంట్లో మాటిచ్చి మరీ ఓడెక్కాడు. అక్కడికి వెళ్లాక జుట్టు, గడ్డం తీసేశాడు. సిగరెట్టు, మందు అలవాటయ్యాయి. డబ్బుంది, చదువుంది, స్నేహితులున్నారు. లోపల మాత్రం ఏదో వెలితి. అంటే ఆయన సందేహం క్రైస్తవం దగ్గర ఆగలేదు. అన్నిటి మీదా వచ్చింది.

1928 వేసవిలో కెనడా వెళ్తున్న ఓడలో ఆదివారం ఆరాధన పెట్టారు. మొదటి తరగతి భోజనశాలలో. రానంటే మర్యాదగా ఉండదని వెళ్లాడు. అందరూ మోకరించారు. ఈయన మోకరించలేదు. లేచి వెళ్లిపోదామంటే అటూ ఇటూ మనుషులు. మసీదుకు వెళ్లినప్పుడు, గుడికి వెళ్లినప్పుడు చెప్పులు విడిచి కాళ్లు కడుక్కున్నాను కదా, ఇక్కడా మర్యాద కోసం మోకాళ్లూనితే పోయేదేముంది అనుకున్నాడు. మోకాళ్లూనాడు. ఏదో శక్తి తనను ఆవరించినట్టయిందని, యేసు పేరు తన పెదాల మీదికి వచ్చిందని తర్వాత చెప్పాడు.

సాధారణంగా సాక్ష్యాల్లో కథ ఇక్కడితో అయిపోతుంది. మెరుపు మెరిసింది, మనిషి మారిపోయాడు! భక్త్‌ సింగ్‌ విషయంలో క్యాలెండరు వేరే కథ చెబుతుంది. ఓడ దిగిన మనిషి బైబిలు కోసం పరిగెత్తలేదు. ఏడాది పైనే గడిచింది. 1929 డిసెంబరులో, కెనడాలోని విన్నిపెగ్‌లో వ్యవసాయ ఇంజినీరింగ్‌ చదువుతుండగా ఓ స్నేహితుణ్ని బైబిలు ఉందా అని అడిగాడు. చింపిన చేతుల్లోకే జేబులో పట్టే కొత్త నిబంధన ఒకటి వచ్చింది. ఆ రాత్రి చాలా పొద్దుపోయేదాకా చదివాడు. మర్నాడూ అదే పని. యోహాను సువార్త మూడో అధ్యాయం దగ్గర ఆగిపోయాడు. ఆ ఊళ్లోనే జాన్‌, ఎడిత్‌ హేవార్డ్‌ అనే దంపతులు ఆయన్ని ఇంట్లో పెట్టుకున్నారు, కలిసి భోంచేశారు, కలిసి చదివారు. బాప్తిస్మం తీసుకున్నది 1932 ఫిబ్రవరిలో, వాంకూవర్‌లో. ఓడలో మోకరించిన రోజు నుంచి లెక్కేస్తే మూడున్నరేళ్లు.

ఒక విదేశీ ఊళ్లో, చలిలో, ఒక పరాయి కుర్రాడికి భోజనం పెట్టి ప్రశ్నలన్నీ విన్న ఆ దంపతుల పేర్లు చాలామందికి తెలియవు. మైత్రీవనం హాస్టళ్లలో పిల్లలకి కొరతగా ఉన్నది ఉపన్యాసాలు కాదు. అవి ఫోనులో బోలెడు దొరుకుతాయి. కొరతగా ఉన్నది అలాంటి భోజనాల బల్లే.

అసలు పరీక్ష 1933లో వచ్చింది. బొంబాయిలో ఓడ దిగితే తల్లిదండ్రులు వచ్చారు. కొడుకు మారిన సంగతి ఉత్తరాల్లో తెలిసింది. తిట్టలేదు, కొట్టలేదు. ఒక్కటే అడిగారు... నీ నమ్మకం నీ దగ్గరే ఉంచుకో, బయటికి చెప్పకు, ఇంటి పరువు కోసం. చూడ్డానికి ఎంత చిన్న కోరిక! మనసులో ఏమున్నా ఫర్వాలేదు, కాగితం మీద వేరేలా ఉంటే చాలు. ఆయన ఒప్పుకోలేదు. వాళ్లు ఆయన్ని అక్కడే వదిలేసి వెళ్లిపోయారు. ఇంజినీరింగ్‌ చదివొచ్చిన మనిషి ఇల్లూ వాకిలీ లేకుండా నిలబడ్డాడు. తర్వాత కరాచీలో పాకీ పనివాళ్ల వాడల్లో బోధిస్తూ తిరిగాడు.

బయోడేటాలో ఆ ఒక్క లైను దగ్గర తడబడే పిల్లలకి ఓడలో మెరుపు కన్నా బొంబాయిలో జరిగింది ఎక్కువ అర్థమవుతుంది. కాదన్నందుకు ఆయనకు వెంటనే ఏ మేలూ జరగలేదు. ఆకలే మిగిలింది.

వారం రోజులు అదే గదిలో

సందేహం అనగానే క్రైస్తవుల నోట వచ్చే పేరు తోమా. యేసు లేచాడని తోటి శిష్యులు చెబితే, గాయాల్లో వేలు పెట్టి చూస్తే గానీ నమ్మనన్నాడు. రెండు వేల ఏళ్లుగా పాపం ‘అనుమానపు తోమా’ అనే పేరు మోస్తున్నాడు. యోహాను సువార్త జాగ్రత్తగా చదివితే మరో సంగతి తెలుస్తుంది. అతను నమ్మనని చెప్పిన వారానికి కూడా అదే గదిలో, అదే మనుషుల మధ్య ఉన్నాడు. అతను వెళ్లిపోలేదు. మిగతా పదిమంది వెళ్లగొట్టలేదు. ఆ వారం రోజులు గదిలో ఏం మాట్లాడుకున్నారో సువార్త చెప్పదు. భోజనాలు చేసే ఉంటారు, ఒకళ్లనొకళ్లు విసుక్కునే ఉంటారు. ఆ తోమాయే క్రీ.శ. 52లో మన దేశానికి వచ్చాడని సంప్రదాయం. చెన్నైలో ఆయన పేరున్న కొండకి తెలుగువాళ్లూ ఏటా వెళ్తూనే ఉంటారు. అందరికన్నా ఎక్కువ ప్రశ్నలడిగినవాడే అంత దూరం నడిచాడన్నమాట.

బైబిల్లో ఇలాంటివాళ్లు తోమా ఒక్కడే కాదు. జబ్బుపడ్డ కొడుకుని యేసు దగ్గరికి తెచ్చిన ఓ తండ్రి మార్కు సువార్తలో కనిపిస్తాడు. నమ్ముతున్నానని ఒక నోటితోనే చెప్పి, తన అపనమ్మకం విషయంలో సాయం చేయమని అదే నోటితో అడుగుతాడు. అతన్ని యేసు వెనక్కి పంపలేదు, పిల్లాడు బాగయ్యాడు. 22వ కీర్తన దేవుడి మీద ఫిర్యాదుతోనే మొదలవుతుంది. ఆ ఫిర్యాదుని ఎవరూ చెరిపేయలేదు, పవిత్ర గ్రంథంలోనే ఉంచారు.

మదర్‌ థెరిసా కథ మరీ ఆశ్చర్యం. 1997లో ఆమె కన్నుమూసిన పదేళ్లకు, ఆమె ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. దాదాపు యాభై ఏళ్లపాటు దేవుడి సన్నిధి తనకు తెలియడం లేదని, లోపలంతా చీకటిగా ఉందని తన గురువులకు రాసుకున్న ఉత్తరాలవి. అవి చదివి, ఆమె నమ్మకం ఉత్తిదేనన్నవాళ్లున్నారు. ఆ చీకట్లోనే పొద్దున్నే లేచి కలకత్తా మురికివాడల్లోకి నడిచిందే, దాన్నేమంటారు అని అడిగినవాళ్లూ ఉన్నారు. కేథలిక్‌ సంఘం ఆ ఉత్తరాలన్నీ ముందుంచుకునే 2016లో ఆమెను పునీతురాలిగా ప్రకటించింది.

ఇవన్నీ తెలిసినంత మాత్రాన హాస్టల్‌ గదిలో కుర్రాడికి ఉద్యోగం రాదు. కాకపోతే తను ఒక్కడే ఇలా ఉన్నానన్న భయం తగ్గుతుంది. ఆ భయాన్ని పెంచే మాట ఒకటుంది... ‘నీ ప్రార్థనలో లోపముంది’. మంచి ఉద్దేశంతోనే అంటారు, కానీ దిగబడిపోతున్నవాడి నెత్తిన బరువు పెట్టినట్టే. ఇంటర్వ్యూ ఎలా జరిగిందని అడిగి, చెప్పింది చివరిదాకా విని, అప్పుడు ప్రార్థన చేస్తే కాస్త తేడా ఉంటుంది. ఈ సంగతి గ్రహించిన పెద్దవాళ్లు సంఘాల్లో లేకపోలేదు. ఆరాధన అయ్యాక అన్నం పెట్టించి, పక్కన కూర్చుని ‘ఏరా అబ్బాయ్‌, ఎలా ఉంది’ అంటారు. తెలియనిదాన్ని తెలియదనే చెబుతారు.

హెబ్రోనులో ఆ అన్నం పద్ధతి భక్త్‌ సింగ్‌ నాటి నుంచీ ఉంది. అందరూ నేలమీద చాపల మీద కూర్చుంటారు, ఆరాధన గంటల తరబడి సాగుతుంది, తర్వాత ప్రేమవిందు. ఏటా జరిగే పరిశుద్ధ సమాజ కూటాలకు పందిళ్ల కింద వేలమందికి వంట చేస్తారు. ఆఫీసరూ, కూలీ ఒకే పంక్తిలో.

అంత తిరిగి, అంత మాట్లాడిన ఆ మనిషిని పార్కిన్సన్స్‌ జబ్బు పట్టుకుంది. చివరి సంవత్సరాలన్నీ హెబ్రోనులో మంచం మీదే గడిచాయి. ఎంతోమంది జబ్బుల కోసం ప్రార్థించిన మనిషి, తన చేయి తను కదపలేని స్థితి. ఆయన కోసం ప్రార్థించినవాళ్లు తక్కువేం కాదు. ఆయన లేవలేదు. 2000 సెప్టెంబరు 17న పోయారు. నారాయణగూడ శ్మశానానికి వేలాదిగా జనం వెంట నడిచారు, పాటలు పాడుకుంటూ.